గాలి దానంతట అదే తిరుగుతుంది

షేక్ మస్తాన్‌బీ ఆరేళ్లపాటు ఒక డబ్బా గురించి ఆలోచించింది. ఆ డబ్బా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు. దానికి ఒక గోడ వేడిగా ఉంటుంది, ఎదుటి గోడ చల్లగా ఉంటుంది, మధ్యలో గాలి ఉంటుంది. వేడిగోడను ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది. కప్పు కిందుగా పాకుతూ చల్లగోడ దాకా పోయి, అక్కడ బరువెక్కి కిందికి దిగుతుంది. నేల వెంబడి మళ్లీ వేడిగోడ దగ్గరికి చేరుతుంది. దీన్ని సహజ సంవహనం అంటారు. ఆ గాలి ఏ మూల ఎంత వేడిగా ఉంటుందో, ఎంత వేగంగా తిరుగుతుందో డబ్బాను వేల గళ్లుగా కోసి ఒక్కొక్క గడికీ లెక్క కట్టి చెప్పడం మస్తాన్‌బీ పని.

"గ్యాసుతో నిండిన మూసిన గదులలో సహజ సంవహనం: సంఖ్యాత్మక అధ్యయనం" అనే ఆమె సిద్ధాంత గ్రంథం మూడువందల పన్నెండు పేజీలు వచ్చింది. పరీక్షకుడు దాన్ని చదివి, లెక్కలు ముచ్చటగా ఉన్నాయని, అయితే వాటిని నిజమైన గదిలో ఎక్కడా కొలిచి చూసినట్టు లేదని, చూసి పంపితే వెంటనే ఆమోదిస్తానని రాశాడు. నరసరావుపేటలో ఒక మహిళా కళాశాల ఆమెను లెక్చరర్‌గా ఎంపిక చేసింది. జూన్ పదిహేనులోగా డాక్టరేటుతో వచ్చి చేరాలి. అప్పటికి మార్చి నెలాఖరు. నిజమైన గది ఒకటి ఇప్పించమని ఆమె పెట్టుకున్న అర్జీ వైస్ ఛాన్సలర్ గారి బల్ల మీద ఉంది.

అందుకే వైస్ ఛాన్సలర్ ఆచార్య దక్షిణామూర్తి గారి నుంచి పిలుపు రాగానే, గది దొరికిందనుకుని పరుగున వెళ్లింది.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ఏడాది "సహజ" అనే మాటకు మహర్దశ పట్టింది. ప్రతి విశ్వవిద్యాలయమూ నలభై అయిదు రోజుల్లో ఏదో ఒక సహజమైన దాన్ని అక్కున చేర్చుకోవాలని, ఆ తరువాత తనిఖీ బృందం వస్తుందని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక విశ్వవిద్యాలయం సహజ సేద్యాన్ని పట్టేసింది. ఇంకొకటి సహజ రంగుల్ని తీసుకుంది. పల్నాడు రాతినేల మీద కట్టిన ఈ విశ్వవిద్యాలయంలో ముళ్లకంప కూడా అయిష్టంగానే పెరుగుతుంది. రిజిస్ట్రార్ పానకాలరావు గారు రికార్డు గదిలో మూడురోజులు కూర్చుని "సహజ" అనే మాట ఉన్న ఫైళ్లు వెతికించారు. రెండు దొరికాయి. ఒకటి ఒక అటెండరు సహజ మరణం. రెండోది మస్తాన్‌బీ సిద్ధాంత గ్రంథం. మొదటిదాన్ని ఉద్యమంగా మలచడం కష్టమని పానకాలరావు గారు నోట్ రాశారు.

"ఈ సహజ సంవహనానికి కరెంటు ఎంత కావాలమ్మా?" అని అడిగారు దక్షిణామూర్తి గారు.

"అక్కర్లేదు సార్."

"పోనీ, మనుషులు?"

"మనుషులూ అక్కర్లేదు సార్. వేడిలో తేడా ఉంటే చాలు, గాలి దానంతట అదే తిరుగుతుంది."

దక్షిణామూర్తి గారు కుర్చీలోంచి లేచి, నెత్తిమీద తిరుగుతున్న ఫ్యానుకేసి, ఇన్నాళ్లూ ఇంట్లో తిండి తింటున్న దొంగను గుర్తుపట్టినట్టు చూశారు.

"దానంతట అదే తిరిగే గాలిని మనం ఇన్నేళ్లూ రెక్కలు కట్టి తిప్పుతున్నామా?"

"కానీ సార్..."

"కానీ సంగతి తరువాత చూద్దాం."

పానకాలరావు గారికి మాత్రం ఒక సందేహం వచ్చింది. "గ్యాసుతో నిండిన గది అన్నారు. ప్రమాదమేమో? ఫైర్ వాళ్ల అనుమతి ఉందా?"

"గాలే సార్. గాలిని కూడా గ్యాసే అంటాం."

"అయితే ఆ మాట బయట అనకండి. జనం భయపడతారు," అన్నారు పానకాలరావు గారు.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి, విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, ప్రాంగణము నందలి సమస్త గదులలోను కృత్రిమ పంకాలు తక్షణమే తొలగించబడి, వాటి స్థానమున సహజ సంవహనము ప్రవేశపెట్టబడును. సదరు సంవహనము మూసిన గదులలో మాత్రమే జరుగునని పరిశోధన వలన రుజువైనందున, కిటికీలు మేకులతో బిగించబడును. గాలి సహకరించని యెడల సంబంధిత శాఖాధిపతి బాధ్యత వహించవలెను."

ఫ్యాన్లు దించే పని ఎలక్ట్రీషియన్ ఏసుపాదం మీద పడింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఫ్యాన్లను బిగించింది, బాగుచేసింది, నూనె పోసింది ఆయనే. మెకానికల్ విభాగంలో చివరి ఫ్యాను దించి భుజాన పెట్టుకుని, మస్తాన్‌బీ బల్ల దగ్గర ఆగాడు.

"ఏం మేడం, ఇదంతా మీరు కనిపెట్టిందేనంటగా?"

"నేను కనిపెట్టలేదు ఏసుపాదం గారూ. అది ఎప్పటినుంచో ఉంది."

"ఎప్పటినుంచో ఉంటే మరి మాకెందుకు చెమటలు పడతన్నయ్?"

"గాలి తిరుగుతుందన్నానే గానీ, చల్లగా ఉంటుందని నేను అనలేదు."

ఏసుపాదం ఫ్యాను కింద పెట్టాడు. "ఆ ముక్క సార్‌కి చెప్పలేదా?"

"చెప్పబోయాను. తరువాత చూద్దామన్నారు."

"ఆళ్లకు తరువాత అనేది రాదమ్మా," అని నిట్టూర్చి ఫ్యాను మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

ఏప్రిల్ మొదటి వారానికి తరగతి గదులు పూర్ణాలు వేయించే బాణళ్లలా ఉన్నాయి. పిల్లలు నోటుపుస్తకాలతో విసురుకుంటుంటే, అది బలప్రయోగంతో గాలిని కదిలించడం కిందికి వస్తుంది గనుక నిషేధించారు. అప్పుడు దక్షిణామూర్తి గారు సమీక్షా సమావేశం పెట్టి, మస్తాన్‌బీని, ఆమె గైడు ప్రొఫెసర్ కూర్మనాథం గారిని పిలిపించారు. కూర్మనాథం గారు తెలివైన మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ కాగితం మీదా మొదటి సంతకం పెట్టకపోవడమే ఆయన రక్షణ కవచం.

"గాలి ఎందుకు మందకొడిగా ఉంది?" అని అడిగారు దక్షిణామూర్తి గారు.

కూర్మనాథం గారు మస్తాన్‌బీకేసి చూశారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. "అన్ని గోడలూ ఒకేలా కాలుతున్నాయి సార్. తేడా లేకపోతే గాలి కదలదు. రేలీ సంఖ్య అని ఒకటుంటుంది. అది ఎక్కువైతేనే గాలి జోరుగా తిరుగుతుంది."

"ఎన్ని తియ్యాలి?" అన్నారు పానకాలరావు గారు కలం పట్టుకుని.

"ఏమిటి సార్?"

"ర్యాలీలు."

మస్తాన్‌బీ వివరించేలోపే సమావేశం ముగిసింది. ఆ వారంలో మూడు ర్యాలీలు తీశారు. ఎన్.ఎస్.ఎస్. పిల్లలు బ్యానర్లు పట్టుకుని "గాలిని గౌరవిద్దాం, సహజంగా జీవిద్దాం" అని నినాదాలిస్తూ ప్రాంగణం చుట్టూ తిరిగారు. ర్యాలీ సంఖ్య సున్నా నుంచి మూడుకు పెరిగిందని నివేదిక పోయింది. కోటి దాటితే బాగుంటుందని మస్తాన్‌బీ పుస్తకంలో ఉందని ఎవరో చెప్పగా, పానకాలరావు గారు కాసేపు బిగించిన కిటికీ అద్దంలోంచి ఎండలోకి చూసి, దశలవారీగా చేరుకుంటామన్నారు.

గోడల తేడా గురించి చెప్పిన మాట మాత్రం వారికి అర్థమైంది. అదే విచిత్రం. సెనేట్ హాలును నమూనా మందిరంగా ఎంచారు. దాని పడమటి గోడ వెలుపల హాస్టలు మెస్సు నుంచి నాలుగు కట్టెల పొయ్యిలు తెచ్చి పెట్టారు. తూర్పు గోడకు లోపలివైపు తడి గోనెపట్టాలు కట్టి, వాటి వెంబడి ఐసు దిమ్మెలు పేర్చారు. కరిగినప్పుడల్లా దిమ్మెలు మార్చే బాధ్యత ఏసుపాదానికి ఇచ్చారు. రెండు రోజుల్లో పరిపాలన భవనంలోని గుమాస్తాలందరికీ తూర్పుగోడ దగ్గర ఏదో ఒక ముఖ్యమైన ఆఫీసు పని పడింది.

ఆపైన పానకాలరావు గారు సిద్ధాంత గ్రంథం అట్టమీద "సంఖ్యాత్మక" అన్న మాటను గమనించారు. సంఖ్యలు లేకుండా సంఖ్యాత్మకం ఎలా అవుతుందని, హాలు నేలంతా సుద్దతో తొంభై ఆరు గళ్లు గీయించారు. బాల్కనీకి ఎక్కే మెట్ల మీద, బాల్కనీలో మరో ఇరవై నాలుగు. ఒక్కొక్క గడిలో ఒక అధ్యాపకుడు, చేతిలో ఒక థర్మామీటరు. ప్రతి పావుగంటకూ చూసి, రిజిస్టర్లో రాసి, సంతకం పెట్టాలి. వారికి గడి అధికారులని పేరు. అనుమతి లేకుండా గడి దాటితే గాలి లెక్క తప్పుతుంది గనుక క్రమశిక్షణ చర్య ఉంటుంది.

మూడోరోజు చరిత్ర శాఖ నుంచి ఒక అర్జీ వచ్చింది. తన భార్య తూర్పుగోడ పక్కన తొంభై మూడో గడిలో పనిచేస్తున్నదని, తాను పడమటిగోడ పక్కన ఏడో గడిలో ఉన్నానని, దంపతుల కోటాలో తనను తొంభై నాలుగుకు బదిలీ చేయాలని ఒక అధ్యాపకుడు కోరాడు. ఇది తెలిసి సాయంత్రానికి మరో పదకొండు అర్జీలు వచ్చాయి. రెండు అవివాహితులవి.

ఇదంతా చూసి పిల్లలు నవ్వుకున్నారు. మస్తాన్‌బీకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. తనిఖీ మే పద్దెనిమిదికి ఖాయమైంది. ఆమె తన డబ్బా పక్కన పెట్టి, సెనేట్ హాలు కొలతలు కంప్యూటర్లోకి ఎక్కించింది. పొయ్యిల గోడ వేడి, ఐసు గోడ చలువ, ఒక్కొక్క మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి కూడా కలిపి లెక్క కట్టించింది. జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. తూర్పుగోడ పాదం దగ్గర ఇరవై నాలుగు డిగ్రీలు. హాలు మధ్యలో ముప్పై ఎనిమిది. కప్పు కింద, బాల్కనీ ముందు వరుసలో నలభై ఏడు.

బాల్కనీ ముందు వరుసలో తనిఖీ బృందానికి వెల్వెట్ కుర్చీలు వేశారు.

ఆమె కాగితం పట్టుకుని వైస్ ఛాన్సలర్ గారి దగ్గరికి వెళ్లింది. "అతిథుల్ని కింద కూర్చోబెట్టండి సార్. వేడంతా పైకి పోతుంది."

"వేడి పైకి పోవాలన్నది నీ సిద్ధాంతం. గౌరవం పైకి పోవాలన్నది మా ప్రోటోకాల్. రెండూ ఒకే దిక్కుకు పోతుంటే పేచీ ఎక్కడుందమ్మా?" అని, దక్షిణామూర్తి గారు సొరుగులోంచి ఒక ధ్రువపత్రం తీశారు. నమూనా మందిరం అన్ని భాగాలలోనూ చల్లగా, ఆహ్లాదకరంగా ఉన్నదని పరిశోధకురాలిగా ధ్రువీకరిస్తున్నాను అని అందులో ఉంది. "దీనిమీద సంతకం పెట్టు. పరీక్షకుడి సంగతి నేను చూసుకుంటాను. వారంలో వైవా. నరసరావుపేట ఉద్యోగం అన్నావట కదా?"

మస్తాన్‌బీ ఆ కాగితం పట్టుకుని విభాగానికి తిరిగి వచ్చింది. ఆరేళ్లు. స్కాలర్‌షిప్పు ఆగిపోయిన రెండేళ్లూ ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ, "ఇంకా ఆ డబ్బాలోనే ఉన్నావా బేటీ?" అని అడిగేది. ఒక్క సంతకం. ఆ హాలు చల్లగా ఉందని రాస్తే ఎవరి ప్రాణమూ పోదు. కూర్మనాథం గారిని అడిగింది. "ఏం చెయ్యను సార్?"

ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "పెట్టేసి బయటపడు అని చెప్పడానికే నోరు తెరిచానమ్మా. రావడం లేదు," అన్నారు.

ఆమె ధ్రువపత్రాన్ని పక్కన పెట్టి, తన లెక్కల కాగితం తీసింది. పైన ఒకే వాక్యం రాసింది: "సెనేట్ హాలులో గాలి దానంతట అదే తిరుగుతుంది." దాని కింద నూట ఇరవై గళ్లకూ రాబోయే వేడి పట్టికగా వేసింది. "నేను సంతకం పెట్టగలిగింది దీనిమీదే సార్," అని పెట్టింది. కూర్మనాథం గారు కాగితం తనవైపు తిప్పుకుని, ఆమె పేరుకు పైన, అంటే మొదటగా, తన సంతకం పెట్టారు. పెట్టాక తన చేతిని తానే కొత్తగా చూసుకున్నారు.

దక్షిణామూర్తి గారు మొదటి వాక్యం చదివి, "ఇదే కదా నేనడిగింది!" అని సంతోషించి, దాన్ని తనిఖీ బృందానికిచ్చే ఫైల్లో పెట్టించారు. పట్టికను అలంకారం అనుకున్నారు.

మే పద్దెనిమిదిన బయట నలభై నాలుగు డిగ్రీలు. తనిఖీ బృందం అధ్యక్షురాలు డాక్టర్ వకుళాదేవి గారు. బాయిలర్ల మధ్య ముప్పై ఐదేళ్లు పనిచేసి రిటైరైన ఇంజినీరు. ఆమెను, ఇద్దరు సభ్యులను సన్నాయితో బాల్కనీకి ఎక్కించారు. పక్కన దక్షిణామూర్తి గారు పట్టు కండువాతో కూర్చున్నారు. తలుపులు మూశారు. వెలుపల పొయ్యిలు ఎగదోశారు.

"సంవహనము ప్రారంభమైనది!" అని పానకాలరావు గారు కింద నుంచి మైకులో ప్రకటించారు.

పది నిమిషాలకు సభ్యులలో ఒకాయన చొక్కా గుండీలు విప్పుకున్నాడు. పావుగంటకు దక్షిణామూర్తి గారి ప్రసంగంలోంచి క్రియాపదాలు రాలిపోవడం మొదలైంది. "సహజమైన... మహత్తరమైన... శీతలమైన..." అని ఆగి నుదురు తుడుచుకున్నారు. కింద తూర్పుగోడ దగ్గర మాత్రం గుమాస్తాలు శాలువాలు కప్పుకుని ఉన్నారు. దంపతుల కోటాలో బదిలీ అయిన చరిత్ర మాస్టారు తుమ్మాడు.

వకుళాదేవి గారు నిషేధం సంగతి తెలియక చేతిలో ఉన్న ఫైలుతో విసురుకుని, కాస్త గాలి ఆడగానే దాన్ని తెరిచారు. పట్టిక చూశారు. "బాల్కనీ, ముందు వరుస: నలభై ఏడు." పక్క గడిలో నిలబడ్డ గడి అధికారి చేతిలోంచి థర్మామీటరు అందుకుని చూశారు. నలభై ఆరు పాయింట్ ఎనిమిది.

ఆమె లేచి ఒక మెట్టు దిగారు. పట్టికలో నలభై ఐదు. థర్మామీటర్లో నలభై ఐదు. ఇంకో మెట్టు దిగారు. ప్రతి గడి దగ్గరా ఆగి, అధికారి రిజిస్టరు చూసి, పట్టిక చూసి, తల ఊపుతూ హాలంతా దాటి తూర్పుగోడ దగ్గరికి చేరారు. ప్రోటోకాల్ ప్రకారం వైస్ ఛాన్సలర్ గారూ, సభ్యులూ వెనకే దిగారు. దిగినకొద్దీ వారి ముఖాలు తేటపడ్డాయి. వకుళాదేవి గారు ఐసు దిమ్మె పక్కన గోనెపట్టా మీద ఏసుపాదం సరసన చతికిలబడ్డారు.

"ఈడైతే ఇరవై నాలుగమ్మా," అన్నాడు ఏసుపాదం, ఆమె అడగకుండానే. "మస్తాన్‌బీ మేడం ముందే చెప్పింది. నేను మూడుసార్లు చూశా. తప్పలేదు."

"ఎవరా మేడం?"

మస్తాన్‌బీ గుంపులోంచి ముందుకొచ్చింది.

"నూట ఇరవై చోట్ల, నెలరోజులపాటు, పావుగంటకొకసారి కొలతలా!" అన్నారు వకుళాదేవి గారు. "అమ్మాయ్, ఇంత పెద్ద గదిలో ఇన్ని కొలతలు తీయడానికి డబ్బిచ్చేవాళ్లు గానీ, మనుషుల్నిచ్చేవాళ్లు గానీ నా సర్వీసులో నాకు దొరకలేదు. నీకెలా దొరికారు?"

మస్తాన్‌బీ వైస్ ఛాన్సలర్ గారి వైపు చూసి, "సార్ ఇప్పించారండీ," అంది. అబద్ధం కాదు గనుక గొంతు నిలకడగానే వచ్చింది.

దక్షిణామూర్తి గారు కండువా సర్దుకుని, ఇదంతా మొదటినుంచీ తన దార్శనికత అన్నట్టు తల పంకించారు. తనిఖీ నివేదికలో ఆయన పేరు మెచ్చుకోలుగానే వచ్చింది. కిటికీలు తెరవమనీ, ఫ్యాన్లు మళ్లీ బిగించమనీ కూడా అందులోనే వచ్చింది. గడి అధికారుల రిజిస్టర్లు పరీక్షకుడికి చేరాయి. ఆయన నాలుగు రోజుల్లో ఆమోదం పంపి, తానే స్వయంగా వస్తానన్నాడు. జూన్ తొమ్మిదిన సెనేట్ హాల్లోనే వైవా పెట్టారు.

ఆ ఉదయం హాలుకు కిటికీలున్నాయి, ఫ్యాన్లున్నాయి. కానీ ఫ్యాన్లు తిరగడం లేదు. విశ్వవిద్యాలయం న్యాయ సలహాదారు ఒక కొర్రీ వేశాడు. సంవహనాలు రెండు రకాలని, గాలిని యంత్రంతో తిప్పితే దాన్ని శాస్త్రంలో బలవంతపు సంవహనం అంటారని అదే సిద్ధాంత గ్రంథం తొమ్మిదో పేజీలో ఉంది. ప్రాంగణంలో ఎవరిమీదా ఏ విధమైన బలవంతమూ జరగరాదని నిబంధన ఉంది. కనుక ఫ్యాను వేసే ముందు గదిలోని ప్రతి వ్యక్తీ రాతపూర్వకంగా అంగీకారం తెలపాలి. "నామీద వీచబోవు గాలిని ఎవరి ఒత్తిడికీ లోనుగాక, పూర్తి స్పృహతో స్వీకరించుచున్నాను" అన్న ఫారాలు పానకాలరావు గారు అచ్చు వేయించారు. ఇద్దరు సాక్షులు. ఫారాలన్నీ పరీక్షకుడి బల్ల మీద అందరికీ కనబడేలా ఉంచాలి.

అరవై రెండు మంది సంతకాలు చేశారు. ఏసుపాదం లెక్క చూసుకుని, స్విచ్చి వేశాడు. పరీక్షకుడి బల్లకు సరిగ్గా పైనున్న ఇరవై రెండేళ్ల ఫ్యాను మూలిగి, కదిలి, జోరందుకుంది. అరవై రెండు ఫారాలు బల్ల మీంచి లేచి హాలంతా ఎగిరాయి.

"ఆపండి! ఫారాలు బల్ల మీద లేవు. అంగీకారం లేని గాలి వీస్తోంది!" అని పానకాలరావు గారు కేకేశారు.

ఫ్యాను ఆపారు. ఫారాలు ఏరారు. వేశారు. ఎగిరాయి. ఆపారు. మూడోసారి పరీక్షకుడు కూడా వంగి తన కుర్చీ కింద ఫారాలు ఏరిపెట్టాడు. నాలుగోసారి స్విచ్చి వేసి ఏసుపాదం, "ఇంకెవురు ఆపుతారో ఆపుకోండి సార్," అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ లేవలేదు. పానకాలరావు గారు సగం లేచి, మెడ మీద గాలి తగిలాక, మళ్లీ కూర్చున్నారు.

కాగితాలు కప్పు దాకా లేచి తిరుగుతుంటే, వాటి కింద నిలబడి మస్తాన్‌బీ పరీక్షకుడి మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెట్టింది.